ప్రేమంటే ఆరాటమా, ఆసరానా?

మన కాలేజీలో ప్రేమ అనే మాట కనబడని చోటు లేదు. బెంచీల మీద కాంపస్ ముల్లుతో చెక్కిన పేర్లలో ఉంది. హాస్టల్ గోడల మీద ఉంది. ఏటేటా విద్యార్థి సంఘం సంచికకు వచ్చి పడే కవితల్లో ఉంది. లేనిది ఒక్క సిలబస్‌లోనే! రసాయన శాస్త్రంలో అణువుల మధ్య బంధాల గురించి ఏళ్ల తరబడి చదువుతాం. అర్థశాస్త్రంలో గిరాకీ, సరఫరా చదువుతాం. ఇద్దరు మనుషుల మధ్య బంధం ఎట్లా ముడిపడుతుందో, ఎందుకు తెగుతుందో మాత్రం సినిమా హాల్లో నేర్చుకుంటాం. అక్కడ చెప్పే పాఠం ఒక్కటే. నిద్ర పట్టకపోతే ప్రేమ. అన్నం సయించకపోతే ప్రేమ. ఆమె కాదన్నా వెంట తిరిగితే గొప్ప ప్రేమ. ఎంత ఆరాటమో అంత ప్రేమ!

ఈ లెక్క తప్పు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రేమకు కొలబద్ద ఆరాటం కాదు, ఆసరా. ఎవరి తలపు మన గుండెను కుదుటపరచి, మన పని మనం చేసుకునే ధైర్యమిస్తుందో వాళ్లతో ఉన్నదే ప్రేమ. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. మనస్తత్వ శాస్త్రం చెబుతున్నది ఇదే. మన కర్నూలు, కడప పల్లెల్లో మనుషులు పడిన ఎడబాట్లు చెబుతున్నదీ ఇదే.

మొదట శాస్త్రం ఏమంటుందో చూద్దాం. పిల్లవాడు తల్లిని అంటిపెట్టుకోవడం పాల కోసమేనని ఒకప్పుడు పండితులు అనుకునేవారు. అమెరికాలో హారీ హార్లో అనే శాస్త్రజ్ఞుడు కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగెలతో చేసింది, దాని దగ్గర పాల సీసా ఉంది. రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు ఆకలి తీర్చుకోవడానికి మాత్రమే ఇనుప తల్లి దగ్గరకు పోయి, మిగతా కాలమంతా గుడ్డ తల్లినే కరచుకుని ఉన్నాయి. 1958లో ఆయన ఈ ఫలితాలు ప్రకటించాడు. ఆ కోతిపిల్లల్ని పెట్టిన బాధ తలచుకుంటే ఈనాడు మనసు ఒప్పదు. కానీ వాటి నుంచి తెలిసిన సత్యం మరువరానిది. ప్రాణికి ఆకలి ఎంత నిజమో ఆసరా కూడా అంతే నిజం.

ఇంగ్లండులో జాన్ బౌల్బీ అనే వైద్యుడు ఇదే సంగతిని మనుషుల్లో పరిశీలించి 1969, 1973, 1980 సంవత్సరాల్లో మూడు సంపుటాలు రాశాడు. ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ మొదట ఆఫ్రికాలోని ఉగాండా పల్లెల్లోనూ, తరువాత అమెరికాలోనూ తల్లుల్నీ పిల్లల్నీ గమనించింది. వాళ్లు చెప్పింది మన పల్లెవాళ్లకు కొత్త కాదు. గొర్రెల మంద దగ్గర నిలబడి చూడండి. తల్లి కనుచూపు మేరలో ఉన్నంతసేపూ గొర్రెపిల్ల చెంగుచెంగున గట్లు దుముకుతుంది, కొత్త చెట్టు వాసన చూస్తుంది. తల్లి కనబడకపోతే గంతులు మాని, అరుస్తూ నిలబడుతుంది. అంటే ఆసరా మనిషిని కట్టిపడేసేది కాదు, దూరం పోనిచ్చేది. అండ ఉన్నవాడే ధైర్యంగా లోకం చూస్తాడు.

మరి పెద్దవాళ్ల ప్రేమ సంగతి? 1987లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు స్త్రీపురుషుల ప్రేమ కూడా ఈ జాతిదేనని వాదించారు. డెన్వర్ నగరంలోని ఒక దినపత్రికలో ప్రశ్నలు అచ్చు వేయించి పాఠకుల జవాబులు తీసుకున్నారు. మనుషులు మూడు రకాలుగా తేలారు. వాళ్లకు మన మాటల్లో పేర్లు పెట్టుకుందాం. మొదటిది నిబ్బరం: దగ్గర కావడానికి భయం లేదు, వదిలేస్తారన్న బెంగా లేదు. రెండోది ఆరాటం: ఎంత దగ్గరున్నా చాలదు, ఎప్పుడు వదిలేస్తారోనన్న గుబులు. మూడోది ఎడం: ఎవరైనా దగ్గరకు వస్తే ఊపిరాడదు, మనసు విప్పడమంటే భయం. జవాబిచ్చినవాళ్లలో సగానికి కొంచెం పైన నిబ్బరం వాళ్లు, సుమారు నాలుగో వంతు ఎడం వాళ్లు, అయిదో వంతు ఆరాటం వాళ్లు. అమెరికాలో ఒక ఊరి పత్రిక పాఠకుల లెక్క మనకు అట్లే వర్తిస్తుందని నేననను. కానీ ఆ మూడు రకాల మనుషులూ మన మధ్య ఉన్నారా లేదా? మీ గది మిత్రుల్ని ఒకసారి తలచుకోండి, మీకే తెలుస్తుంది.

ఇక మన సీమకు వద్దాం. ఎడబాటులో బంధం ఏమవుతుందో తెలుసుకోవడానికి డెన్వర్ దాకా పోనక్కరలేదు. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు పోతే చాలు. జనం నోట్లో అది కోయిటా. కువైట్‌లో సంపాదనకు పోయినవాళ్లు లేని ఊరు ఆ వైపు అరుదు. పెండ్లయిన కొన్నాళ్లకే మొగుడు విమానమెక్కుతాడు, రెండేండ్లకో మూడేండ్లకో రెండు నెలల సెలవు మీద వస్తాడు. పుట్టిన బిడ్డ నాన్నను మొదట ఫోటోలో చూస్తుంది. ఆడవాళ్లు కూడా ఇంటి పనికి పోతున్నారు. 30 ఏళ్లు నిండని స్త్రీని అక్కడికి ఇంటి పనికి పంపరాదని మన ప్రభుత్వ నిబంధన. అంటే నిబంధన ప్రకారం పోయే ఆడమనిషి చాలావరకు అప్పటికే తల్లి అయి ఉంటుంది. ఆమె అక్కడ పరాయి బిడ్డను ఎత్తుకుంటుంది, ఇక్కడ ఆమె బిడ్డను అవ్వ ఎత్తుకుంటుంది.

నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె ఉంది. జాబుల కాలం నాటి మనిషి. పెద్దనాయన కువైట్‌లో ఉండి నెలకొక జాబు రాసేవాడు. ఎప్పుడైనా టేప్‌రికార్డరు క్యాసెట్టులో మాటలు పట్టి, వచ్చేవాళ్ల చేత పంపేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు ఆ జాబు కూడా ఆగిపోయింది. ఆ ఏడాది అమ్మాన్ మీదుగా లక్షకు పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కు తెచ్చారు. వాళ్లలో పెద్దనాయన ఒకడు. "ఇంత ఎడబాటు ఎట్లా ఓర్చుకున్నావు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. ఆమె అన్నది: "నెలకొక జాబు వస్తాదని తెలుసు గదా నాయనా. తప్పకుండా వస్తాదని తెలుసు గాబట్టి మిగతా ఇరవై తొమ్మిది దినాలు నా పని నేను చేసుకుంటాంటిని. ఆ యుద్ధం నాడు మాత్రం ఒక్క దినం కూడా అన్నం దిగలేదు."

బౌల్బీ మూడు సంపుటాల్లో చెప్పింది మా పెద్దమ్మ మూడు మాటల్లో చెప్పింది. ప్రేమను నిలబెట్టింది జాబుల సంఖ్య కాదు, తప్పకుండా వస్తుందన్న నమ్మకం.

ఇప్పటి సంగతి చూడండి. ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది, దినానికి మూడుసార్లు ముఖం చూసుకోవచ్చు. అయినా కొన్ని ఇళ్లలో ఆ ఫోన్ ఏ పనికి వస్తోంది? "ఎక్కడున్నావు? వెనకాల ఎవరది? కెమెరా తిప్పు, గదంతా చూపించు!" ఇది మాట కాదు, సోదా. అవతల ఎడారిలో వాడి ఒంటరితనం నిజమే. వాడి భయం కూడా నిజమే, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ భయానికి ప్రేమ అని పేరు పెట్టి దాన్ని ఆమె మెడకు చుట్టడం న్యాయం కాదు. నెలకొక జాబుతో నిలిచిన కాపురముంది, దినానికి మూడు వీడియో కాల్సుతో కూలిన కాపురముంది. దూరం ఒక్కటే బంధాన్ని తెంచదు. పిలిస్తే పలుకుతారన్న నమ్మకం పోవడమే తెంచుతుంది.

కడప వైపు ఆలుమగలు విడిపోతే, కర్నూలు పడమటి పల్లెల్లో ఆలుమగలు కలిసి పోతారు, పిల్లలు విడిపోతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు దీన్ని సుగ్గి అంటారు. వానలు పోతే, చేలో పైరు ఎండితే, పత్తి తీయను, మిరపకాయ కోయను గుంటూరు సీమకో తెలంగాణకో మూటాముల్లె కట్టుకుని పోతారు. పిల్లల్ని కొందరు వెంట తీసుకుపోతారు, వాళ్ల బడి పోతుంది. కొందరు అవ్వ దగ్గర విడిచి పోతారు. ఈ పిల్లల కోసమని బళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిపినారు. అన్నం, చదువు ఒక దారికి వస్తాయి, మంచిదే. అమ్మ ఎక్కడిది?

నా గది మిత్రుడొకడు ఆ వైపు నుంచి వచ్చినవాడు. క్లాసులో మంచి చదువరి. కానీ తాను ప్రేమించిన అమ్మాయి పది నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే వాడు మనిషి కాడు. వరండాలో అటూ ఇటూ తిరుగుతాడు, ఇరవైసార్లు నంబరు నొక్కుతాడు, ఎత్తిన తరువాత అరుస్తాడు, ఆనక ఏడుస్తాడు. మేమంతా "వీడిదిరా నిజమైన ప్రేమ!" అని నవ్వుకునేవాళ్లం. ఒక రాత్రి వాడే చెప్పాడు. "చిన్నప్పుడు మాయమ్మ, మా నాయన సుగ్గికి పోయేటప్పుడు నాకు చెప్పేటోళ్లు కాదురా. చెప్తే ఏడుస్తానని. నేను పండుకున్నాక లారీ ఎక్కేటోళ్లు. పొద్దున లేస్తే అమ్మ లేదు. ఉగాదికి వస్తే నేను అవ్వ కొంగు వెనక దాక్కునేవాణ్ని, దగ్గరికి పోయేవాణ్ని కాదు. ఇప్పటికీ ఎవరన్నా పలకకపోతే లారీ పోయిందనే అనిపిస్తాది."

ఈ మాట విన్న తరువాత మాకు నవ్వు రాలేదు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో తల్లి తోడు లేకుండా కొన్నాళ్లున్న రెండేళ్ల పాప మీద ఒక చిన్న సినిమా తీశాడు. తల్లికి ఎడమైన పిల్లల్లో మొదట ఏడుపు, తరువాత దిగులు, చివరకు ముభావం కనబడతాయని ఆయన, బౌల్బీ చెప్పారు. ఆ పరిశీలనలు చూసిన తరువాతనే అక్కడి ఆసుపత్రులు పిల్లల దగ్గరకు తల్లుల్ని రానివ్వడం క్రమంగా మొదలుపెట్టాయి. మన సుగ్గి పల్లెల్లో ఉగాది నాడు అవ్వ కొంగు వెనక దాక్కున్న పిల్లవాడిది ఆ మూడో దశే.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది నుదుటి రాత కాదు. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన ప్రతి బిడ్డా ఇట్లా అవుతాడని ఎవరూ అనలేదు. అవ్వ ఒడి కూడా ఒడే, ఎందరినో అది నిబ్బరంగా నిలబెట్టింది. చిన్ననాడు కుదరని నిబ్బరం పెద్దయ్యాక కూడా కుదురుతుంది. మా మిత్రుడి విషయంలో అదే చూశాం. ఆ అమ్మాయి తెలివైనది. అరిస్తే తిరిగి అరవలేదు, అట్లని లొంగనూ లేదు. "అయిదింటి దాకా నాకు ల్యాబ్ ఉంటుంది, ఎత్తను. అయిదున్నరకు నేనే చేస్తాను" అని చెప్పింది. చెప్పినట్టు చేసింది. ఒక దినం కాదు, నెలల తరబడి చేసింది. "అరిస్తే మాత్రం పెట్టేస్తాను" అని కూడా చెప్పింది. అదీ చేసింది. వాడు మెల్లగా కుదురుకున్నాడు. అయిదున్నర దాకా లైబ్రరీలో చదువుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరువాత వాళ్ల కథ ఏమైందన్నది వాళ్ల సొంత విషయం. నాకు కావలసింది ఆ అయిదున్నర. ప్రేమ అంటే ఆ అయిదున్నర! ఐతే వాణ్ని కుదుటపరచే బాధ్యత ఆమెదేనని దీని అర్థం కాదు. మారాలని వాడు కూడా పూనుకున్నాడు గనుకనే మారాడు.

ఇప్పుడు సినిమా పాఠం దగ్గరకు తిరిగి వద్దాం. కాదన్న అమ్మాయి వెంట పడి, ఆమె ఇంటి ముందు కాపు కాసి, చేయి కోసుకుని, చివరికి ఒప్పించడం హీరోతనంగా చూపిస్తారు. అది ప్రేమ కాదు, చికిత్స కావలసిన ఆరాటం. అది ముదిరితే ఏమవుతుందో 2008 డిసెంబరులో వరంగల్లు చూసింది. ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద ఆమ్లం పోశారు. మూడు రోజులకు నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. ఆ పిల్లల్లో ఒకామె ఆ గాయాలతోనే కన్ను మూసింది. ప్రేమ పేరు చెప్పుకుని వచ్చిన ఆ పని ఎన్ని ఇళ్లను ఆర్పింది! కాదు అన్న మాటను వినలేనివాడికి అవును అన్న మాట అడిగే హక్కు లేదు.

సినిమా అంతా ఇట్లాంటిదేనని నేననడం లేదు. మన పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్. రెడ్డి గారు 1951లో 'మల్లీశ్వరి' తీశారు. అందులో నాగరాజు, మల్లి విడిపోతారు, ఎదురు చూస్తారు. కానీ ఒకరినొకరు వేధించుకోరు, ఒకరి మీద ఒకరికి నమ్మకం చెదరదు. మన జిల్లావాడు అంత నిబ్బరమైన ప్రేమను తెర మీద చూపిస్తే, మనమేమో వెంటబడే ప్రేమకు ఈలలు వేస్తున్నాం!

ఇక పెద్దల సంగతి. పిల్లలు ప్రేమ విషయం ఇంట్లో ఎందుకు దాస్తారు? చెబితే ఇల్లు ఆసరా కాకుండా కచేరీ అవుతుందని భయం. కులం పేరు చెప్పి కన్నవాళ్లే కత్తి కట్టిన కేసులు మన తెలుగునాట ఉన్నాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే ఒక యువకుణ్ని ఆసుపత్రి బయట నరికించారు. అదే ఏడాది మార్చిలో సుప్రీం కోర్టు, వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెండ్లి చేసుకోవడానికి కుటుంబం గానీ కులం గానీ ఒప్పుకోనక్కరలేదని తీర్పు చెప్పింది. తీర్పు దిల్లీలో ఉంది, మనసు ఇంకా రచ్చబండ దగ్గరే ఉంది.

విచిత్రమేమంటే మన దేవుళ్లు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. అహోబిలం నరసింహస్వామి చెంచు పిల్లను వలచి పెండ్లాడాడని మన నమ్మకం. కనుమ నాడు మొదలయ్యే పార్వేటలో ఆ స్వామి నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి తన కల్యాణానికి జనాన్ని పిలుస్తాడు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిములు వచ్చి వెంకటేశ్వరుణ్ని తమ అల్లుడిగా దర్శించుకుంటారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు గనుక. దేవుడికి చెల్లిన సంబంధం మన కొడుక్కో కూతురికో ఎందుకు చెల్లదు? కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి.

ఐతే పెద్దలు కుదిర్చిన పెండ్లిలో ప్రేమ ఉండదని నేననను. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అనే ఆయన 1986లో ప్రేమకు మూడు ముఖాలున్నాయన్నాడు: సాన్నిహిత్యం, మోహం, కట్టుబాటు. ప్రేమ పెండ్లిలో మోహం ముందు రావచ్చు, పెద్దల పెండ్లిలో కట్టుబాటు ముందు రావచ్చు. ఏది ముందొచ్చినా సాన్నిహిత్యం మాత్రం దానంతటది రాదు. ఒకరి మాట ఒకరు వింటేనే వస్తుంది. కాబట్టి ప్రేమ పెండ్లా, పెద్దల పెండ్లా అని ప్రతి ఏడూ చర్చా పోటీల్లో గొంతు చించుకోవడం మాని, ఈ ఇద్దరూ భయం లేకుండా మాట్లాడుకోగలరా అని అడగడం నేర్చుకుందాం.

"తాగను నీళ్లు లేని చోట ఈ మనస్తత్వ శాస్త్రమెందుకప్పా?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. మన దగ్గర బంధాలను తెంచుతున్న మొదటి దోషి ఆ నీళ్లు లేకపోవడమే. కోసిగి చేలకు నీళ్లొస్తే ఒక తల్లి రాత్రిపూట దొంగలాగా లారీ ఎక్కనక్కరలేదు. రాజంపేటలో చదివినవాడికి రాజంపేట దగ్గరే పని దొరికితే ఒక బిడ్డ తండ్రిని ఫోటోలో చూడనక్కరలేదు. కాలువ అంటే పంట ఒక్కటే కాదు, కాపురం కూడా. సీమ నీటి హక్కు గురించి మన సంఘం చేసే ప్రతి ఊరేగింపూ నా దృష్టిలో ప్రేమ కోసం చేసేదే.

నీళ్లు వచ్చేదాకా ఊరికే ఉండాలా? అక్కరలేదు. సుగ్గికి పోయే తల్లికి మనం చెప్పగలిగింది ఒకటుంది: చెప్పి పొమ్మని. బిడ్డ ఏడ్చినా సరే, చెప్పి, ఫలానా పండగకు వస్తానని చెప్పి, ఆ మాట నిలుపుకొమ్మని. మిత్రులకు చెప్పేది ఒకటుంది. ఫోన్ ఎత్తనప్పుడు గుండె దడదడలాడితే, అది అవతలి మనిషి నేరమని వెంటనే తీర్పు చెప్పకండి, మీ లోపల ఏ లారీ పోయిందో చూసుకోండి. బంధం తెగిన రోజు గది తలుపు వేసుకోకండి. పక్క గది తలుపు తట్టండి. తట్టడానికి ఎవరూ లేరనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రేమ పోయిందని ప్రాణం తీసుకున్న మిత్రుల ఫోటోకు దండ వేసే పని ఈ సంఘానికి ఇక రాకూడదు. అధ్యాపకులకు ఒక విన్నపం. ఏడాదికి ఒక్క గంట ఈ విషయం మీద మాతో మాట్లాడండి. పరీక్షలో రాదు, నిజమే. బతుకులో వస్తుంది.

మా పెద్దనాయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. పొద్దున చేనికి పోయేటప్పుడు "ఎప్పుడొస్తావు?" అని పెద్దమ్మ అడగదు. పొద్దు గూకే వేళకు పొయ్యి మీద ఎసరు పెడుతుంది. ఆయన వస్తాడు. ఆ ఎసరులో ఉన్న నమ్మకం ఈ కాలేజీ నుంచి పోయే ప్రతి ఒక్కరికీ దొరకాలని, ప్రతి ఒక్కరూ ఇంకొకరికి అట్లాంటి నమ్మకం కావాలని నా కోరిక.